నటన నేర్వడానికి అరవై లక్షలు

మావయ్య బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పగలు లోన్ల ఫైళ్లు, రాత్రి పరిషత్తు పోటీల కోసం నాటికల రిహార్సళ్లు. ట్రాన్స్‌ఫరైతే ట్రూపు చెదిరిపోతుందని వచ్చిన ప్రమోషన్లు కూడా వద్దన్న మనిషి. మేనకోడలు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ చేసింది. ఒక స్కూల్లో పిల్లలకు నాటకం నేర్పుతుంది, మిగతా టైమంతా తన బృందంతో నాటకాలు వేస్తుంది. ఇప్పుడు ఆమె తమ్ముడికి అమెరికాలో ఒక యూనివర్సిటీలో నటనలో ఎంఎఫ్‌ఏ అనే మూడేళ్ల పీజీ డిగ్రీలో సీటు వచ్చింది. ట్యూషన్‌లో కొంత తగ్గించారు. ఇంట్లో ఉన్నది పోగా ఇంకా 60 లక్షల అప్పు కావాలి. ఇల్లు తాకట్టు పెట్టడానికి తండ్రి సిద్ధమే. ఆయన చూపించగల ఆదాయం చాలదు కాబట్టి ఇంకొకరి సంతకం కూడా కావాలంది బ్యాంకు. ఆ సంతకం కోసం ఆమె మావయ్య ఇంటికొచ్చింది.

నాటకమంటే గిట్టనివాడు కాదన్నాడంటే అందులో రాయడానికేముంది? ఇక్కడ కాదంటున్నది నాటకాన్ని ప్రాణంగా చూసుకున్నవాడు. వాళ్ల మాటలు రాయాలనిపించింది అందుకే.

మావయ్య: ఆఫర్ లెటరు రెండుసార్లు చదివాను. అక్కడి ఆడిషన్లో నెగ్గాడంటే వాడు సామాన్యుడు కాదు. నాకూ గర్వంగానే ఉంది. సంతకం మాత్రం పెట్టను.

మేనకోడలు: నువ్వా ఈ మాటనేది? వాడి మొహానికి మొదటిసారి రంగు పూసింది నువ్వే కదా మావయ్యా.

మావయ్య: రంగు పూశాను. ఇల్లు తాకట్టు పెట్టమని చెప్పలేదు. కూర్చో, లెక్క చూద్దాం. 60 లక్షలు, వడ్డీ 11 శాతం, పదేళ్లు. నెలకు 82 వేల పైచిలుకు కట్టాలి. చదువుకునే మూడేళ్లూ ఆ తర్వాత ఏడాదీ వాయిదాలు అడగరు, నిజమే. కానీ వడ్డీ ఆగదు. అది కూడా అసల్లో కలిస్తే వాయిదా లక్ష దాటుతుంది.

మేనకోడలు: సంపాదించేది డాలర్లలో కదా. నెలకు వెయ్యి, పన్నెండొందల డాలర్లు అక్కడ ఒక లెక్కా?

మావయ్య: సాఫ్ట్‌వేర్ కుర్రాడికి లెక్క కాదు. నటుడికి లెక్కే. హార్వర్డ్ సంగతి చెప్తాను విను. అమెరికన్ రెపర్టరీ థియేటర్ అని అక్కడ పేరుమోసిన నాటక సంస్థ ఉంది. దానికి అనుబంధంగా 1987లో నటన నేర్పే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. రెండేళ్ల కోర్సు. తర్వాత మాస్కో ఆర్ట్ థియేటర్ స్కూలుతో పొత్తు పెట్టుకున్నారు. పిల్లలు కొన్నాళ్లు మాస్కో వెళ్లి నేర్చుకొచ్చేవాళ్లు. నటనా గురువు స్తానిస్లావ్‌స్కీ తిరిగిన చోటు, నాబోటి వాడికి అది కాశీ. ఏటా తీసుకునేది పాతికమందికి లోపే. అలాంటి కోర్సు ఏమైందో తెలుసా?

మేనకోడలు: మూసేశారు. తెలుసు.

మావయ్య: ఎందుకు మూశారో కూడా చెప్పుకోవాలిగా. ఒబామా హయాంలో అక్కడి విద్యాశాఖ ఒక రూలు తెచ్చింది. ఉద్యోగానికి తయారుచేస్తామంటూ అప్పుల మీద నడిచే కోర్సుల్లో, చదివినవాళ్లు కట్టే వాయిదాలు వాళ్ల ఏడాది సంపాదనలో 12 శాతం దాటి, బతుకు ఖర్చు తీసేశాక మిగిలేదాంట్లో 30 శాతం కూడా దాటితే ఆ కోర్సు ఫెయిల్. 2017 జనవరిలో మొదటి ఫలితాలొచ్చాయి. హార్వర్డ్ నటన కోర్సు ఫెయిల్! చదివి బయటికొచ్చినవాళ్ల అప్పు సుమారు 78 వేల డాలర్లు, ఏడాది సంపాదన సుమారు 36 వేలు. ఆ నెలలోనే మూడేళ్లపాటు అడ్మిషన్లు ఆపుతున్నామన్నారు. మళ్లీ తెరవలేదు. హార్వర్డ్ పేరుండి, మాస్కో శిక్షణ ఉండి కూడా సంపాదన అంతే. మనవాడికొచ్చింది హార్వర్డ్ కూడా కాదు.

(మావయ్య చెప్పని ముక్క ఒకటి ఇక్కడ చేర్చాలి. ఆ రూలు గురిపెట్టింది ప్రధానంగా లాభాల కోసం నడిచే కాలేజీలమీద. లాభం చూసుకోని యూనివర్సిటీల్లో డిగ్రీ కోర్సులు దాని కిందికి రాలేదు, సర్టిఫికెట్ కోర్సులే వచ్చాయి. హార్వర్డ్ కోర్సు అలా చిక్కింది. ఎంఎఫ్‌ఏ డిగ్రీ ఇచ్చే మిగతా నాటక శాఖలకు ఆ పరీక్షే పెట్టలేదు కాబట్టి వాటి మార్కులు అప్పట్లో బయటికి రాలేదు. ఇది మావయ్య వాదానికి బలమో, మేనకోడలి వాదానికి బలమో చదివేవాళ్లే తేల్చుకోవాలి. నా లెక్కలో ఇద్దరికీ చెరిసగం.)

మేనకోడలు: సరే, ఆ అంకెలనే తీసుకుందాం. 36 వేల డాలర్లంటే నటుడు తిండికి మాడిపోతున్నట్టు కాదు. చిన్న ఊళ్లో స్కూలు టీచరుకు కాస్త తక్కువ. అప్పు లేకపోతే బతికేయొచ్చు. మీదపడింది ఆ 78 వేలు. అవతల ఆ యూనివర్సిటీ మూలనిధి ఆ రోజుల్లోనే 35 బిలియన్ డాలర్లు దాటింది. పాతికమంది పిల్లల ఫీజు దానికో లెక్క కాదు. అయినా ఫీజు తీసేయకుండా కోర్సునే తీసేశారు. ఇప్పుడు చెప్పు, ఫెయిలైంది నాటకమా, ఫీజా?

మావయ్య: ఫీజే. ఒప్పుకుంటాను.

మేనకోడలు: అదే అమెరికాలో నాలుగేళ్ల తర్వాత యేల్ యూనివర్సిటీలో ఏం జరిగింది? 2021లో డేవిడ్ గెఫెన్ అనే సంగీత, సినిమా వ్యాపారి 15 కోట్ల డాలర్లిచ్చాడు. ఆ ఏటినుంచే అక్కడి డ్రామా స్కూల్లో ఎవరికీ ట్యూషన్ లేదు. మెరిల్ స్ట్రీప్ చదివిన చోటు, లుపితా న్యోంగో చదివిన చోటు. పాఠాలు మారలేదు, బయట నటుల సంపాదనా మారలేదు. ఫీజొక్కటీ పోయేసరికి ఆ చదువు దండగని అనే నోరు మూతపడింది.

మావయ్య: బాగుంది. మరి మనవాడికి యేల్‌లో వచ్చిందా?

మేనకోడలు: రాలేదు.

మావయ్య: అక్కడ నటనకు తీసుకునేది ఏటా ఇరవైమందికి లోపు. నువ్వు చెప్పిన కథ ఆ ఇరవైమందిది. నేను మాట్లాడుతున్నది మిగతావాళ్ల గురించి. ఇంకో సంగతి. ఆ రూలుని 2019లో ఎత్తేశారని నువ్వు అంటావని నాకు తెలుసు. 2023లో మళ్లీ తెచ్చారు. 2025లో చేసిన కొత్త చట్టం ఇంకా గట్టిది. 2026 జూలై నుంచి పీజీ చదువుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 20,500 డాలర్లు మించదు, మొత్తం లక్ష దాటదు. పీజీ చేసినవాళ్ల సంపాదన మామూలు డిగ్రీ చదివినవాళ్ల సంపాదనకంటే తక్కువుంటే ఆ కోర్సుకు అప్పు పుట్టే దారే మూసుకుపోతుంది. అమెరికా ప్రభుత్వం తన పిల్లలకే అప్పివ్వడానికి వెనకాడుతోంది. విదేశీ విద్యార్థి కాబట్టి మనవాడికి ఆ అప్పు ఎటూ రాదు. వాడికి అప్పిచ్చేది మీ నాన్న ఇల్లు.

మేనకోడలు: ఆ మాట ఎంఎస్ పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా? పేరు కూడా వినని కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు సీట్లకి పొలాలు, ఫ్లాట్లు తాకట్టు పెట్టించుకుని అప్పులిచ్చారు మీ బ్యాంకులవాళ్లు. వాళ్లకి హెచ్1బి లాటరీలో నంబరు తగులుతుందో లేదో. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమన్నారు. వాళ్ల వాయిదాలకు హామీ ఏమిటి? అక్కడ రిస్కు కనపడదు, నాటకం అనగానే కనపడుతుంది.

మావయ్య: అక్కడా రిస్కుంది. కానీ చదువైపోయాక సైన్సు, ఇంజినీరింగ్ పిల్లలకి మూడేళ్లు పనిచేసుకునే అనుమతి ఉంటుంది. ముందు ఏడాది, ఆ పైన పొడిగింపు రెండేళ్లు. ఆ మూడేళ్లలో అప్పు తీర్చుకుని ఇంటికొచ్చినవాళ్లని నేను చూశాను. నటనకు ఆ పొడిగింపు లేదు. పన్నెండు నెలలే. ఆ పన్నెండు నెలల్లో తెలుగు యాస ఉన్న కుర్రాడు ఆడిషన్లకు తిరిగి, వేషం సంపాదించి, అద్దె కట్టి, ఆపైన ఇక్కడికి నెలకు లక్ష పంపాలి. అసాధారణ ప్రతిభ చూపినవాళ్లకి వేరే వీసా ఉంది, కాదనను. కానీ ప్రతిభకు సాక్ష్యాలు కూడబెట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. పన్నెండు నెలల సంగతి ఆమెకు తెలియంది కాదు. ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతి అది. తర్వాత ఆమె వాదం అమెరికా వదిలి ఇంటిమీదికి మళ్లింది. ఈ సంవాదంలో నాకు అన్నిటికంటే పదునుగా అనిపించిన భాగం అదే.

మేనకోడలు: పోనీ, నీ దారి ఏమిటి? ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం నాటకం ఆడుకోమంటావు, అంతేగా?

మావయ్య: తప్పేముంది? తెలుగు నాటకం బతికింది అలాగే. బళ్లారి రాఘవ వకీలు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. బందా కనకలింగేశ్వరరావు వకీలు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు వేశాడు. జయప్రకాశ్ రెడ్డి బడిపంతులు. వీళ్లెవరికి నటనలో డిగ్రీ ఉంది? సురభివాళ్లని చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు నాటక సమాజం మొదలుపెడితే తరతరాలుగా నడుస్తోంది. అక్కడ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే స్టేజీ ఎక్కుతుంది. ఏ యూనివర్సిటీ నేర్పింది?

మేనకోడలు: సురభివాళ్లకి ఇల్లే బడి. తిండి పెట్టింది సమాజం, నేర్పింది అమ్మానాన్న, సాధన చెయ్యడానికి రోజంతా ఉంది. ఫీజు లేని డ్రామా స్కూలు కాక అదేమిటి? మన చిన్నోడు ఆ ఇంట్లో పుట్టలేదు. ఇక నువ్వు చెప్పిన మిగతా పేర్లన్నీ ఒక్కసారి మళ్లీ చదువు మావయ్యా. అందరూ మగవాళ్లే.

మావయ్య: ఆ కాలం అలాంటిది.

మేనకోడలు: ఆ కాలం సంగతి సరే, నీ కాలం? మీ ట్రూపులో నువ్వు బ్యాంకు, డైరెక్టరు పోస్టాఫీసు, విలను వేసేవాడు ఆర్టీసీ. అందరికీ ఒకటో తారీకు జీతం, రిటైరయ్యాక పెన్షను. డబ్బు తీసుకుని నటించింది ఒక్కరు, మీ హీరోయిను. ఆవిడకేమిచ్చేవాళ్లు?

మావయ్య: ప్రదర్శనకింత అని ఇచ్చేవాళ్లం. రిహార్సళ్లకు బస్సు ఛార్జీలు. ప్రైజు డబ్బులొస్తే సెట్టుకీ, వ్యాను కిరాయికీ పోయేవి. ఆవిడ ఒక్కోసారి ఒకే పరిషత్తులో రెండు మూడు ట్రూపులకి వేసేది. సాయంత్రం ఒక నాటికలో తల్లి, రాత్రి ఇంకో దాంట్లో కూతురు. డైలాగు ఒక్కటి కూడా తడబడేది కాదు.

మేనకోడలు: ఇప్పుడెలా ఉంది?

మావయ్య: పెద్దదైపోయింది. కళాకారుల పింఛను కోసం కాగితాలు పెట్టించాం.

మేనకోడలు: చూశావా. మీ ట్రూపులో నాటకాన్ని వృత్తిగా పెట్టుకున్నది ఆవిడొక్కతే. డిగ్రీ లేదు, అప్పూ లేదు. చివరికి మిగిలింది పింఛను కాగితాలు. ఉద్యోగం పక్కన పెట్టుకుని నాటకం ఆడమనే నీ సలహా ఉద్యోగం ఉన్నవాళ్లకే పనికొస్తుంది. ఇంకోటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆఫీసు అయ్యాక మూడు గంటలు దొరికితే దాంట్లో పట్టే నాటకమే మీరు వేశారు. గంట నాటిక, ఒకే సెట్టు, హాలు మధ్యలో సోఫా. ఉత్తమ నటుడు, ఉత్తమ రచన, ఉత్తమ ప్రదర్శన. గొంతు ఎలా కాపాడుకోవాలో, లైటు ఎక్కడ పడాలో నేర్పేవాడు లేక మంచి నటులే నలభై ఏళ్లకి గొంతు పోగొట్టుకున్నారు. నేను యూనివర్సిటీలో మొదటి సెమిస్టరంతా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాను.

మావయ్య: సోఫా సంగతి నిజమే. (నవ్వాడు.) మా నాటికల్లో సోఫాకే ఎక్కువ ప్రైజులు రావాలి. సరే, నీ చదువు మాటెత్తావు కాబట్టి అడుగుతున్నా. నీ పీజీకి మీ నాన్న ఎంత ఖర్చుపెట్టాడు?

మేనకోడలు: సెంట్రల్ యూనివర్సిటీ కదా. ఫీజు నామమాత్రం. హాస్టలు, మెస్సు. ఫెలోషిప్పు కొంత. అప్పు లేదు.

మావయ్య: చదువవగానే నిన్ను టీవీ సీరియల్‌కి పిలిచారు. రోజుకింత అన్నారు. ఎందుకు వెళ్లలేదు?

మేనకోడలు: అత్తగారి పక్కన నిలబడి ఆశ్చర్యపోయే వేషం. నెలకు ఇరవై రోజులు ఆశ్చర్యపోవాలి. అప్పుడే మా బృందం మొదలవుతోంది. వద్దనుకున్నాను.

మావయ్య: నెలకు లక్ష వాయిదా ఉండి ఉంటే?

మేనకోడలు: ... వెళ్లేదాన్ని.

మావయ్య: నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే తల్లీ. నువ్వు అప్పు లేకుండా చదువుకున్నావు కాబట్టి నటివయ్యావు. ఇష్టంలేని వేషం వద్దనగలిగావు. చిన్నోడు అక్కడ గొప్ప శిక్షణ పొంది, ఆ శిక్షణకు తగిన వేషం ఒక్కటీ వేయలేకుండా ఇంటికొస్తాడు. ఎందుకంటే అలాంటి వేషాలకు డబ్బు రాదు. అప్పుకు ఏ వేషం డబ్బిస్తుందో అదే వెయ్యాలి, లేదా వేషమే మానేసి కాల్ సెంటర్లో కూర్చోవాలి. నేను అప్పులిచ్చిన వాళ్లలో ఆర్ట్ చదివినవాళ్లు కొందరున్నారు. ఎగ్గొట్టినవాళ్లు తక్కువ. కళ మానేసి బాకీ తీర్చినవాళ్లే ఎక్కువ. బ్యాంకు లెక్కలో అది మంచి ఖాతా.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ అప్పు లేని సీట్లు ఎన్నున్నాయి? ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. ఫీజు పేరుకే, పైగా నెలనెలా స్కాలర్‌షిప్పు ఇస్తారు. దేశం మొత్తానికి ముప్పై చిల్లర సీట్లు. హిందీ, ఇంగ్లీషు రావాలి. బెంగళూరులో దాని కేంద్రం దక్షిణాదివాళ్లకి ఏడాది కోర్సు నడుపుతుంది. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెటూళ్లో కె.వి. సుబ్బణ్ణ నీనాసం అనే నాటక సంస్థ పెట్టాడు. 1980 నుంచి ఏడాది డిప్లొమా ఇస్తున్నారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు 'తిరుగాట' పేరుతో ఊరూరా నాటకాలు ఆడుతూ పని సంపాదించుకుంటున్నారు. కేరళలో త్రిశూర్ డ్రామా స్కూలు 1977 నుంచి ఉంది. మనకి ఆంధ్ర యూనివర్సిటీలో శాఖ ఉంది, తెలుగు యూనివర్సిటీలో ఉంది, నేను చదివింది ఉంది. డిగ్రీ ఇస్తారు. ఆ డిగ్రీ పట్టుకుని బయటికొస్తే నెలజీతమిచ్చి నాటకం ఆడించే తెలుగు రెపర్టరీ ఏదీ? కృష్ణానగర్ వెళ్లి సినిమా ఆఫీసుల ముందు ఫొటోలు పట్టుకుని నిలబడాలి. వాణ్ణి అమెరికా వెళ్లొద్దంటున్నావు, సరే. ఇక్కడ వాడి కోసం ఏమున్నట్టు?

మావయ్య: ఏమీ లేదు. అది మా తరం తప్పు. ప్రైజులు పంచుకున్నాం, పరిషత్తులు పెట్టుకున్నాం, స్కూలు పెట్టుకోలేదు. కానీ ఆ తప్పుకి మీ నాన్న ఇల్లు జరిమానాగా కట్టమంటే ఎలా?

మేనకోడలు: మరి ఆఫర్ వదిలేయమంటావా?

మావయ్య: వదిలేయమనను. వాళ్లకి ఉత్తరం రాయమను. ట్యూషన్ మొత్తం మాఫీ చేసి, డిగ్రీ పిల్లలకు క్లాసులు చెప్పించుకుంటూ నెలకింతని ఇచ్చే ఎంఎఫ్‌ఏలు అమెరికాలోనే కొన్నున్నాయి. ఈ యూనివర్సిటీవాళ్లు అలా ఇస్తారేమో మొహమాటం లేకుండా అడగమను. ఇస్తే విమానం టికెట్టు నాది, మొదటి ఏడాది అద్దె నాది. ఇవ్వకపోతే ఈ ఏడాది ఆగి ఢిల్లీ డ్రామా స్కూలుకి, బెంగళూరుకి, ఫీజు లేని యేల్‌కి దరఖాస్తులు పెట్టమను. ఢిల్లీకి వయసు ముప్పై వరకు ఉంది. కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలంటారు. తక్కువైతే మీ బృందంలో వేయించు.

మేనకోడలు: ఏడాది ఆగితే వాడి ఉత్సాహం చల్లారుతుంది మావయ్యా. మళ్లీ సీటొస్తుందన్న హామీ లేదు.

మావయ్య: లేదు. కానీ ఏడాది ఆగితే పోయే ఉత్సాహం పదేళ్ల వాయిదాలకు నిలబడుతుందా?

ఆమె లేచి వెళ్లిపోయింది. కోపంతో అని అనుకోను. రాత్రికి తమ్ముడి చేత ఉత్తరం రాయించిందని విన్నాను. జవాబు సంగతి ఇంకా తెలియదు.

నన్నడిగితే సంతకం విషయంలో మావయ్యదే న్యాయం. నాటకం ఆఫీసు అయ్యాకే అన్న ఆయన పాత నమ్మకంలో మాత్రం మేనకోడలిదే. నటన చదువు దండగ అని ఇద్దరిలో ఎవరూ ఒక్కసారి కూడా వాదించలేదు. మన ఇళ్లలో మొదట వచ్చేది ఆ మాటే. పిల్లాడి ముందు దాన్ని అనేసి, తర్వాత వాడు అలిగితే ఓర్చుకోలేక తాకట్టు కాగితాలమీద సంతకాలు పెట్టే తల్లిదండ్రులు ఉన్నారు.

ఇలాంటి ఆఫర్ లెటరు మీ ఇంటికొస్తే వాడి ప్రతిభమీద వాదించుకుంటూ కూర్చోకండి. ఆ శాఖకు ఒక ఉత్తరం రాయించండి. గత మూడేళ్లలో చదువు ముగించినవాళ్లు ఎంత అప్పుతో బయటికెళ్లారు, ఇప్పుడెక్కడ ఏ పని చేస్తున్నారు అని అడిగించండి. చదివి వచ్చినవాళ్లు ఒకరిద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో అంకెలు లేకపోయినా సంతకం పెట్టకండి.